తుపాకీ కర్ర ఎందుకు పగులుతుంది, ఎట్టా అతుకుతుంది

(నెల్లూరు జిల్లా ఉదయగిరిలో మాజీ సైనికులు, చెక్కపని వాళ్లు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో ఒక రిటైర్డ్ ఆర్మరర్ (సైన్యంలో తుపాకులు బాగుచేసే ఆయన) చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినోళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఫ్యాన్లు ఇటువైపే తిరుగుతా ఉండాయి. తుపాకులు తేవద్దని ముందే చెప్పించాను, ఎవరూ తేలేదు, సంతోషం. నా చేతిలో ఉండేది ఉత్త కర్ర. ఎయిర్ రైఫిల్‌ది. ఇనుమంతా విడిగా విప్పి తెచ్చా. మనకిది చాలు.

సభలో సగం మంది నాలాగా ఫౌజీలు. ఖాళీగా కూర్చోలేక బ్యాంకుల దగ్గర, క్యాష్ బండ్ల మీద గార్డులుగా చేస్తున్నారు. భుజాన పన్నెండు బోరు తుపాకీ, రవ్వల తూటాది. పొద్దున తగిలించుకుంటే సాయంత్రం దాకా దించేది లేదు, కాల్చేది అసలే లేదు. కాల్చని తుపాకీకి కర్ర ఎందుకు పగిలింది సాబ్ అని అడుగుతారు. ఫెవిక్విక్ పోసి అతికించా, మొదటి తూటాకే మళ్లీ విచ్చింది, అదెందుకు అని ఇంకొకరు. రెండిటికీ జవాబు ఒకచోటే ఉంది. పగులు పైన కనబడుతుంది గానీ దాని కారణం లోపల, ఇనుమూ కర్రా ఆనుకునే చోట ఉంటుంది. ఆ చోటు చూడకుండా జిగురు డబ్బా మూత తియ్యొద్దు. ఈ పూట నేను చెప్పొచ్చింది ఇంతే, మిగతాదంతా దీని వివరం.

ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో. తుపాకీ మరమ్మతు చెయ్యాలంటే దానికి విడిగా లైసెన్సు ఉండాలని 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ చెబుతుంది. మీకు తుపాకీ పెట్టుకునే లైసెన్సు ఉంది కదా అని పక్కవాడి తుపాకీ బాగుచెయ్యకూడదు. మీ తుపాకీని వడ్రంగి కొట్లో వదిలిపెట్టి రాకూడదు. ఇక్కడ చెంచాలు, గరిటెలు చేసే అక్కలకీ, భాయిలకీ కూడా చెప్తున్నా, ఎంత తెలిసినోడు తెచ్చినా లోపలికి రానివ్వద్దు. చెయ్యి తిరగాలంటే ఎయిర్ రైఫిల్ మీద నేర్చుకోండి. పాయింట్ 177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉండేదానికి లైసెన్సు అక్కర్లేదు. పన్నెండు బోరు అయితే లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే. అయితే ఆయన ఏం చేస్తున్నాడో మనకి తెలిసుండాలి. తెలిస్తే పక్కన కూర్చుని, ఇదెందుకు చెయ్యలేదయ్యా అని అడగ్గలం. తెలియకపోతే పైన పాలిష్ కొట్టి ఇచ్చినా బాగుందనే అనుకుంటాం.

ఇక చెక్క. తుపాకీలకి పేరుపడ్డది అక్రోటు చెక్క, మన దేశంలో కాశ్మీరు సరుకు. బరువు మరీ ఎక్కువ కాదు, దెబ్బకి ఓర్చుకుంటుంది, తేమకి పెద్దగా కదలదు. పెద్దగా కదలదన్నా గానీ అసలు కదలదని కాదు. ఏ చెక్కయినా గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. పొడుగులో వచ్చే మార్పు లెక్కలోకి రాదు, అంతా అడ్డంలోనే. ఆ అడ్డంలో కూడా మానులో వలయాల వెంబడి వచ్చే మార్పు, నడిమి నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకి సుమారు రెట్టింపు. ఇనుముకి ఈ గొడవ లేదు. ఇప్పుడు మన జిల్లా వాతావరణం చూడండి. రోహిణి కార్తెలో ఈ దుర్గం కింద బండరాయి మీద చెయ్యి పెట్టలేం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, గోడలకి కూడా చెమ్మ. ఎండాకాలం కర్ర సన్నబడుతుంది, స్క్రూ వదులవుతుంది. మనం బిగిస్తాం. వానాకాలం ఉబ్బుతుంది, బిగించిన స్క్రూ కింద నార నలిగిపోతుంది. మళ్లీ ఎండ, మళ్లీ వదులు, మళ్లీ బిగింపు. ఒక్క తూటా పేలకుండానే ఆ చోట చెక్క చచ్చిపోతుంది.

పంట కాపలాకి లైసెన్సు తీసుకున్న రైతులు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్లో జమ చెయ్యాల. 2024లో మార్చి మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చింది, జూన్ మొదట్లో గానీ ఎత్తలేదు. అంటే మండే ఎండలన్నీ అది ఒక గదిలో మూలన నిలబడే ఉంది. తెచ్చుకోంగానే తుడిచి గూట్లో పెట్టకుండా, స్క్రూలు, మెడ (కర్రలో చేత్తో పట్టుకునే సన్నటి చోటు) ఒకసారి చూసుకోవాలి.

తర్వాతది నూనె. దీనిమీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా, ఎందుకంటే మనకి ఫౌజ్‌లో నేర్పిందే నూనె పూయడం. పొద్దున పుల్‌త్రూ, అంటే గొట్టంలోంచి గుడ్డ లాగే తాడు, సాయంత్రం పుల్‌త్రూ, నూనె గుడ్డ. అలవాటు మంచిదే. కానీ నూనె పూశాక తుపాకీని ఎట్టా నిలబెడతాం? బట్టు, అంటే భుజానికి ఆనే చివర, కిందికి, గొట్టం పైకి. గొట్టంలో నూనె, యాక్షన్లో (తూటా పెట్టి పేల్చే ఇనుప భాగంలో) నూనె మెల్లగా కిందికి జారి కర్ర తలకాయలోకి దిగుతుంది. కర్ర తల అంటే ఇనుము ఆనే ముందు చివర, నార కోసిన చోటు, అక్కడ చెక్క ఇంకా బాగా పీలుస్తుంది. ఏళ్ల తరబడి తాగితే ఆ చోట చెక్క నల్లబడుతుంది, గోరుతో నొక్కితే గుంట పడుతుంది. పాత డబుల్ బ్యారెల్ కర్ర తల విప్పి చూస్తే ఎక్కువ వాటికి ఇదే వరస. తుపాకీ తన్నినప్పుడు ఆ దెబ్బ కాచుకోవాల్సింది సరిగ్గా ఆ చెక్కే.

తన్ను ఎంత అంటారా? పన్నెండు బోరు తూటాలో రవ్వలు ఒక 32 గ్రాములు, సెకనుకి దాదాపు 400 మీటర్ల వేగంతో ముందుకి పోతాయి. దానికి బదులుగా మూడు కిలోల తుపాకీ సెకనుకి నాలుగైదు మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. ఆ ఇనుమంతా కర్ర మీద ఆనే చోటు మన రెండు బొటనవేళ్లంత కూడా ఉండదు. ఆ కాస్త చోటు మెత్తబడితే ఇనుము వెనక్కి జరుగుతుంది. జరిగితే ఏం తగులుతుంది? యాక్షన్ వెనకాల సన్నగా సాగే ఇనుప తోక ఉంది చూడండి, ట్యాంగ్ అంటాం, దాని కొన పోయి చెక్కకి గుచ్చుకుంటుంది. అక్కడి నుంచి వెనక్కి, మెడ వైపు, నిట్టనిలువుగా వెంట్రుకంత గీత. అదీ మీరు తెచ్చి చూపించే పగులు. దానిమీద ఫెవిక్విక్ పోస్తే గీత మూసుకుంటుంది. తోక మాత్రం ఇంకా గుచ్చుతానే ఉంటుంది.

ఈ రోగం కొత్తది కాదు. మన పాత పాయింట్ 303 రైఫిల్ తెలుసు కదా, దాని ముందు కర్ర కూడా ఇనుము ఆనుకునే చోటే చీలేది. ఆస్ట్రేలియాలో లిత్‌గో ఫ్యాక్టరీ వాళ్లు అక్కడి చెక్క మెత్తనని, ఆ ఆనే చోట రాగి బిళ్లలు వేశారు. మన బెంగాల్‌లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో ముందు కర్రకి అడ్డంగా ఒక స్క్రూ బిగించారు, చీలిక సాగకుండా. రెండు దేశాల కార్ఖానాలు దారులు వేరైనా చూసింది ఒక్కచోటే.

మెడ పగులు వేరు. అది తన్నుతో వచ్చేది తక్కువ, కింద పడి వచ్చేది ఎక్కువ. చెక్క చెంచాలు చేసే అక్కలకి నేను చెప్పాల్సిన పని లేదు. గరిటె మెడ దగ్గర నార ఏటవాలుగా బయటికి వచ్చేసిందంటే ఆ గరిటె ఎన్నాళ్లు ఉంటుందో మీకు తెలుసు. ఇక్కడా అంతే, మెడ దగ్గర నార నిలువునా సాగాలి. ఏటవాలుగా ఉన్న కర్రని మోటర్‌సైకిల్ మీంచి ఒకసారి జారవిడిస్తే చాలు. ఎయిర్ రైఫిల్లో అయితే ముందు స్క్రూ రంధ్రాల దగ్గర చూడండి. స్ప్రింగు తుపాకీ వెనక్కీ తన్నుతుంది, ముందుకీ తన్నుతుంది, ఆ స్క్రూలు వదులైతే రంధ్రం చుట్టూ చెక్క చితుకుతుంది. ఇదిగో, నా చేతిలో ఉండేదానికి వచ్చింది అదే.

పగులా, పాలిష్ మీద గీతా? ఎట్టా తెలుసుకోవాలి? ముందు తుపాకీ ఖాళీదా కాదా చూడండి. చూశానులే అని కాదు, మళ్లీ చూడండి. తర్వాత గుడ్డ మీద కొంచెం స్పిరిట్ వేసి అనుమానం ఉన్నచోట తుడవండి. పైన స్పిరిట్ క్షణంలో ఆరిపోతుంది. పగుల్లోకి దిగింది ఆరదు, సన్నటి తడి గీత నల్లగా ఇంకాసేపు నిలుస్తుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి, రెండు చివర్లా పెన్సిల్‌తో గీత పెట్టి, పక్కన తేదీ వెయ్యండి. కొంచెం మెలితిప్పి చూడండి, బలం చూపించొద్దు. గీతలోంచి నూనె బుడగ కట్టి బయటికొస్తే ఇంక సందేహం అక్కర్లేదు. పగులు ఉంది, నూనె తాగి ఉంది.

ఆ నూనె తియ్యకుండా ఏ జిగురూ పట్టదు. ఎంత ఖరీదైనదైనా పట్టదు. పెయింట్ల కొట్లో స్వచ్ఛమైన అసిటోన్ దొరుకుతుంది, గోళ్లరంగు తుడిచే సీసా కాదు, దాంట్లో వేరేవి కలుపుతారు. సైకిల్ షాపులో ట్యూబులకి పూసే ఫ్రెంచ్ చాక్ తెచ్చుకోండి, లేదా మెత్తటి సుద్దపొడి. ముగ్గుపిండి వద్దు, దాంట్లో ఇసుక ఉంటుంది, గీకుతుంది. పొడిని అసిటోన్‌తో ముద్దగా కలిపి నల్లబడిన చోట పట్టించండి. అసిటోన్ లోపలికి పోయి నూనెని కరిగిస్తుంది, ఎగిరిపోతా దాన్ని పైకి లాక్కొస్తుంది, పొడి పీల్చుకుంటుంది. ఆరాక బ్రష్‌తో దులిపితే పొడి పసుపు రంగులో రాలుతుంది. మళ్లీ పట్టించండి. తెల్లగా రాలేదాకా. ఒక్క పూటలో అయ్యే పని కాదు, బాగా తాగిన కర్రకి వారం పట్టినా విసుక్కోవద్దు. మధ్యలో ఎండలో పెడితే మన ఎండే సాయం చేస్తుంది, కాగి నూనె పైకి ఊరుతుంది. మాడేలా పెట్టొద్దు, ఉట్టి కర్రే కదా అని మిద్దె మీద రోజంతా వదిలేస్తే ఇంకో చోట పగులుతుంది. అసిటోన్ తగిలిన చోట పాత పాలిష్ లేచిపోతుంది, అది తెలిసే చెయ్యండి. ఇంకోటి, దీని ఆవిరి మైనస్ 20 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. ఆరుబయటే చెయ్యండి. బీడీ జేబులో ఉండనీండి.

(సభలోంచి: బీడీ మానేశా సాబ్!) మానేస్తే మంచిదే హవల్దార్ సాబ్, పక్కనోళ్లు మానలేదు కదా.

నూనె పోయాక, జిగురుకంటే ముందు, ఇనుము ఎక్కడ ఆనుతోందో చూడాలి. దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. కాటుక చాలు. ఆముదం దీపం మసి పట్టి చేసిన కాటుక అయితే ఇంకా మంచిది. ఇనుము మీద పలచగా పూసి, కర్రలో కూర్చోబెట్టి, స్క్రూలు బిగించి, మళ్లీ విప్పండి. చెక్క మీద నల్ల మచ్చ ఎక్కడ పడిందో అక్కడ ఆనుతోంది. ఆనాల్సిన వెడల్పు చోట రెండు వైపులా సమానంగా మచ్చ ఉండాలి. తోక కొన వెనక మచ్చ ఉండకూడదు. ఉందంటే మీ పగులుకి కారణం దొరికినట్టే. గన్‌స్మిత్ అక్కడ పదునైన ఉలితో ఒక విజిటింగ్ కార్డు మందం చెక్క తీసి ఖాళీ వదలాలి. ఆనే చోట చెక్క నలిగి పల్లం పడితే దాన్ని అరాల్డైట్‌తో నింపి లేపాలి. ఇనుము అతుక్కుపోకుండా దానికి బూట్ పాలిష్ పూయండి. నవ్వకండి, మన ఫౌజీల ఇళ్లల్లో ఎప్పుడూ ఉండేది అదే, పని బ్రహ్మాండంగా చేస్తుంది. స్క్రూ రంధ్రాల్లో మైనం కూరండి, లేకపోతే ఆ తుపాకీ ఇంక విడిపోదు.

ఇప్పుడు జిగురు. తెల్ల ఫెవికాల్ తలుపులకి, బీరువాలకి మంచిది. నూనె తాగిన చెక్కకి, తన్ను తినే చోటికి పనికిరాదు. దాంట్లో నీళ్లుంటాయి, ఎప్పుడూ బరువు పడే చోట మెల్లగా సాగుతుంది. ఫెవిక్విక్ నీళ్లలాగా పలచన, వెంట్రుకంత గీతలోకి తనంతట తానే పాకిపోతుంది, అందుకని చిన్న పగులుకి నేను కాదనను. కానీ పెళుసు. దెబ్బ తినని చోట, సన్న గీతకి వాడుకోండి. మెడకి, తోక వెనకకి అరాల్డైట్ స్టాండర్డ్. (2020లో ఇక్కడ ఆ వ్యాపారం ఫెవికాల్ కంపెనీయే కొనేసింది, కాబట్టి ఇప్పుడు ఏది కొన్నా డబ్బు ఒకే ఇంటికి.) రెండు ట్యూబులూ సమానంగా తీసి బాగా కలపాలి. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం వద్దు, అది పగుల్లోకి దిగేలోపే బిగుసుకుంటుంది, బలమూ తక్కువ. కలిపాక కర్రని హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చెయ్యండి, అరాల్డైట్ పలచబడి లోపలికి దిగుతుంది. పగులుని మెల్లగా మెలితిప్పుతా వదులుతా ఉంటే ఇంకా లోపలికి లాక్కుంటుంది. రెండో వైపునుంచి చిన్న బొట్లు బయటికొచ్చేదాకా చెయ్యండి. వచ్చాక పైన మిగిలింది స్పిరిట్ గుడ్డతో తుడిచెయ్యండి.

కట్టడానికి సైకిల్ ట్యూబు. వేలెడు వెడల్పు పట్టీలు కోసి లాగి చుట్టండి. వంకరటింకర కర్రకి క్లాంపు నిలబడదు, ట్యూబు ఎటు తిప్పితే అటు పడుతుంది. కానీ ప్రాణం పోయేట్టు బిగించొద్దు, జిగురంతా బయటికి కారిపోయి లోపల ఏమీ మిగలదు. మరుసటి రోజు దాకా ముట్టుకోవద్దు.

కొంతమంది చెక్కపొడి, లప్పం కలిపి గీతలో కూరి పాలిష్ కొడతారు. అది అతుకు కాదు. ఎండాకాలం పగులు తెరుచుకున్నప్పుడు ఆ లప్పం లోపల బిగుసుకుని కూర్చుంటుంది, వానకి చెక్క ఉబ్బి మూసుకోబోతే అడ్డం పడి ఇంకా చీలుస్తుంది. చూడ్డానికి మాత్రం నున్నగా ఉంటుంది. అమ్మేవాడికి అదే కావాలి.

ఒకటిన్నర అంగుళం దాటిన పగులు, లేదా మెడలో పగులు అయితే జిగురొక్కటే చాలదు, పిన్ను పడాలి. పగులుకి అడ్డంగా, లోపలి వైపు నుంచి, అంటే ఇనుము కప్పేసే చోటు నుంచి సన్న బెజ్జం వేసి, దాంట్లోకి ఇత్తడి కడ్డీ. నున్న కడ్డీ జిగురుని పట్టుకోదు, ఆకురాయితో గీతలు పెట్టాలి, లేదా మర ఉన్నది వాడాలి. సైకిల్ స్పోక్ కొన మర బాగానే పట్టుకుంటుంది గానీ ఇనుము, మన సముద్రపు గాలికి తుప్పు పడుతుంది, ఇత్తడే మేలు. బెజ్జం కడ్డీకంటే కొంచెం వెడల్పు ఉండాలి, జిగురుకి చోటు. బెజ్జం వేసే ముందు అవతలి వైపు ఎంత మందం మిగులుతుందో కొలుచుకోండి. బయటికి పొడుచుకొచ్చాక కొలిచి లాభం లేదు.

పైపూతకి అవిసె నూనె. కొబ్బరి నూనె, వేరుశనగ నూనె పూసేవాళ్లున్నారు, అవి ఎన్నటికీ ఆరవు, దుమ్ము పట్టి జిగటగా తయారవుతాయి. అవిసె ఆరుతుంది, పచ్చిదైతే రోజులు పడుతుంది, ఉడికించిందని అమ్మేది తొందరగా ఆరుతుంది. చేత్తో రుద్దండి, మిగిలింది తుడిచెయ్యండి, ఆరాక మళ్లీ. లోపల, ఇనుము కూర్చునే గాడికి కూడా పలచగా పట్టించండి, నూనె తాగే నోరు అక్కడే కదా ఉండేది. ఆ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడెయ్యొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడెక్కుతుంది, ఉండలో వేడి నిలిచిపోయి దానంతట అదే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరెయ్యండి, లేదా నీళ్ల బక్కెట్లో వెయ్యండి.

ఇంక మీరు అడగండి.

(ఒక మహిళ: సార్, మా కొండల్లో ఎర్రచందనం ఉందిగదా, దాంతో కర్ర చేస్తే పగలదా?)

అమ్మా, పగిలేలోపు నన్నూ నిన్నూ టాస్క్‌ఫోర్స్ వాళ్లు తీసుకుపోతారు. (నవ్వులు) చెక్క గట్టిదే, నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. కానీ ఆ మాట ఎత్తొద్దు. మీరు చెంచాలకి వాడే నర్ది లాంటివి కూడా తుపాకీ మెడకి నేను ఒప్పుకోను, మీ పనికి అది సరిగ్గా సరిపోతుంది, మా పనికి కాదు. మీ చేతుల్లో ఉండే విద్య మాత్రం మాకు కావాలి. నార ఎటు పోతోందో మీరు వేలితో తడిమి చెబుతారు, మేం భూతద్దం పెట్టి వెతుక్కోవాలి.

(ఒక గార్డు: సాబ్, అతికించాక కాల్చొచ్చా? ఎప్పుడు?)

తోక వెనక చిన్న పగులు, కారణం సరిచేశారు, పిన్ను పడింది, జిగురు రెండు మూడు రోజులు ఆరింది అంటే కాల్చొచ్చు. తక్కువ బరువు తూటాతో మొదలుపెట్టి, ఫైరింగ్ రేంజిలోనే. ఒకటి కాల్చి ఆగండి. స్పిరిట్ గుడ్డతో తుడిచి, మీరు వేసిన పెన్సిల్ గీతలు దాటి తడి పోయిందా చూడండి. దాటకపోతే ఇంకోటి. దాటితే అక్కడితో ఆపెయ్యండి, లోపల ఇంకా ఏదో ఆనుతోంది, కాటుకతో మళ్లీ మొదటి నుంచి. మెడ అడ్డంగా రెండు ముక్కలైన కర్ర మాత్రం ఎవరు ఎంత బాగా అతికించినా భుజాన పెట్టి కాల్చొద్దు. ఆ ముక్క విడిపోయేది మన చెంప పక్కన. దానికి కొత్త కర్ర వేయించుకోండి. కొత్తదానికి కూడా మొదటి రోజే లోపల అవిసె నూనె పట్టించి, ఇక మీదట తుపాకీకి నూనె పూసిన రాత్రి గొట్టం కిందికి పెట్టి, కింద ఒక పాత గుడ్డ పరిచి నిలబెట్టండి.